ఎల్వుడ్ బరువు బాణాలు

ఎల్వుడ్ ఫెటరాఫ్ పోయినప్పుడు మా ఊరి వారపత్రికలో ఆయన గురించి పదకొండు లైన్లు వేశారు. పారలకీ సుత్తులకీ పిడులు చేసే ఫ్యాక్టరీలో ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేశాడని రాశారు. లూథరన్ చర్చిలో గంట కొట్టేవాడని రాశారు. ఊరి ఫైర్‌హాల్‌లో మంటలార్పే వాలంటీరుగా ఉన్నాడనీ, భార్య పేరు వెర్డెల్లా అనీ, పిల్లల్లేరనీ రాశారు. బాణాల మాట మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇరవై రెండేళ్ళపాటు ఈ లోయలో సగం మంది వేటగాళ్ళకి బాణాలు కట్టిచ్చిన మనిషి గురించి రాస్తూ ఆ సంగతే వదిలేశారు. చదివి ఒళ్ళు మండిపోయింది. పేపరు విసిరేశాను. తర్వాత నాకే నవ్వొచ్చింది. మండాల్సింది ఎవరి మీద?

ఆ మాట ఎందుకు లేదో నాకు తెలుసు. ఎల్వుడ్ బాణాలంటే నవ్వుకునేలా చేసింది నేనే. నా పేరు డెల్మార్. ఉద్యోగం రోడ్ల శాఖలో. వేసవిలో గుంటలు పూడ్చడం, చలికాలంలో మంచు తొయ్యడం. ఇది ఎల్వుడ్ కథే గానీ, నన్ను పక్కన పెట్టి చెప్పడం కుదరదు. కుదిరితే అలాగే చెప్పేవాణ్ణి.

పెన్సిల్వేనియా ఉత్తరాన ఉన్న మా కొండల్లో తుపాకి వేట కంటే ముందు, అక్టోబర్లో, విల్లు వేట మొదలవుతుంది. విల్లు పట్టినవాళ్ళలో రెండు కులాలున్నాయి. తేలిక బాణాల వాళ్ళు, బరువు బాణాల వాళ్ళు. రెండింటి మధ్యా పెళ్ళిళ్ళయినా జరుగుతాయేమో గానీ సయోధ్య కుదరదు. తేలిక బాణం వేగంగా, తిన్నగా పోతుంది. దూరం అంచనాలో కాస్త పొరబడినా తగులుతుంది. బరువు బాణం నింపాదిగా పోతుంది, దూరం పెరిగేకొద్దీ కిందికి దిగుతుంది. కానీ ఎముక అడ్డొస్తే ఆగదు. మేం బాణాన్ని గ్రెయిన్లలో తూస్తాం. పదిహేను గ్రెయిన్లు కలిస్తే ఒక గ్రాము. నా బాణం మూడొందల యాభై. ఎల్వుడ్ కట్టేవి ఐదొందల అరవై.

ఆయన దుకాణం అంటే ఇంటి వెనక గరాజే. శనివారాలు మాత్రం తెరిచేవాడు. ఒక బల్ల, మందుల షాపు మూసేస్తుంటే తెచ్చుకున్న చిన్న త్రాసు, ఒక అద్దం పలక. ప్రతి కాడనీ ఆ అద్దం మీద దొర్లించి, ఏ మాత్రం వంకర ఉన్నా పక్కన పడేసేవాడు. వంకర లేనివాటిని తూచి, బరువు పెన్సిల్‌తో కాడ మీదే రాసేవాడు. పన్నెండు బాణాలు అడిగితే పన్నెండూ ఒకే బరువుండాలి, ఒక్క గ్రెయిన్ తేడా ఉన్నా ఇచ్చేవాడు కాదు. మందపాటి కార్బన్ కాడలు తెప్పించి, ములికి వైపు లోపల ఇత్తడి ముక్క దిగ్గొట్టి, బరువంతా ముందుకు వచ్చేలా చేసేవాడు. వెనక పసుపు రంగు వేసిన టర్కీ ఈకలు అంటించేవాడు.

గోడకి ఒక దుప్పి భుజపుటెముక వేలాడుతూ ఉండేది. దానిలో రెండు బాణాలు. తేలికది సగం ములికి దాకా దిగి ఆగిపోయింది. బరువుది ఎముకని చీల్చుకుని అవతలికి వచ్చేసింది. వచ్చిన ప్రతివాడితోనూ ఆయన మొదట అడిగేది ఒకటే.

"ఎముక తగిలితే ఏం చేస్తావు?"

"నేను ఎముక మీద ఎందుకు వేస్తాను పాప్?" అనేవాడు వచ్చినవాడు. మా వైపు వయసు మళ్ళిన మగవాళ్ళందర్నీ పాప్ అంటాం.

"నువ్వు వెయ్యవులేరా. దుప్పి ఒకడుగు ముందుకేస్తుంది. అప్పుడూ?"

ఆయన జవాబు కోసం ఆగేవాడు కాదు, త్రాసు దగ్గరికి వెళ్ళిపోయేవాడు.

నాకప్పుడు ముప్పై నాలుగేళ్ళు. కొత్త విల్లు కొన్నాను. హైవే పక్క పెద్ద దుకాణంలో బాణం వేగం కొలిచే మిషన్ ఉండేది. దాని ముందు నిలబడి వేశాను. సెకనుకి మూడొందల పదకొండు అడుగులు. అక్కడి కుర్రాడు నా పేరు పక్కన ఆ అంకె వేసి బోర్డు మీద రాశాడు. ఆ అంకె చూసుకుని నెల్లాళ్ళు మురిసిపోయాను. అడక్కపోయినా అందరికీ చెప్పేవాణ్ణి. ఒకసారి చర్చి మెట్ల మీద ఎల్వుడ్‌కి కూడా చెప్పాను.

"మూడొందల పదకొండు!" అన్నాడాయన. "దుప్పికి ఈ సంగతి చెప్పావా మరి? దానికి లెక్కలు రావు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల కోపమొచ్చింది. అది పోలేదు.

ఇక స్టష్ క్యాంపు సంగతి చెప్పాలి. స్టష్ వోజ్నియాక్ వాళ్ళ నాన్న కొండ మీద కట్టిన వేట గుడిసె అది. తొమ్మిది మంచాలు, ఒక కట్టెల పొయ్యి. ఏటా అక్టోబర్లో ఎనిమిది మందిమి అక్కడ దిగేవాళ్ళం. స్టష్ మాటే అక్కడ చట్టం. ఆ గుడిసెలో రెండు కట్టుబాట్లు. బాణం వేసి తప్పిపోతే నీ చొక్కా వెనక అంచు కత్తిరించి, నీ పేరూ తారీఖూ రాసి దూలానికి మేకు కొడతారు. అందరూ నవ్వుతారు, నువ్వూ నవ్వుతావు, అక్కడితో సరి. రెండోది నవ్వులాట కాదు. బాణం తగిలి నెత్తురు చిందిందా, ఎనిమిది మందీ చెట్ల మీది మంచెలు దిగి రావాలి. మోకాళ్ళ మీద పాకుతూ ఆకుల్లో నెత్తుటి చుక్క వెతకాలి. దుప్పి దొరక్కపోతే వేసినవాడి ట్యాగు, అంటే చంపిన దుప్పి చెవికి కట్టమని ప్రభుత్వం ఇచ్చే చీటీ, పొయ్యిలోకి పోతుంది. కొమ్ముల దుప్పికి ఏడాదికి మనిషికి ఒక్కటే ట్యాగు. అది కాలిపోతే ఆ ఏటికి వేట అయిపోయినట్టే. ప్రభుత్వం అలా చెయ్యమనలేదు. స్టష్ వాళ్ళ నాన్న చెయ్యమన్నాడు, అంతే.

నేను ఆ కొత్త విల్లు కొన్నదానికి ముందేడాది గిబ్ తేలిక బాణంతో ఒక దుప్పిని గాయపరిచి పోగొట్టుకున్నాడు. గిబ్ అంటే మా గుడిసెలో వేళాకోళాలన్నీ వాడివే. మూడు రోజులు వెతికాం. మూడో రోజు గిబ్ ట్యాగు పొయ్యిలో పడింది. అప్పుడు వాడు ఒక్క వేళాకోళం ఆడలేదు. స్టష్ అదే రోజు తేల్చేశాడు. వచ్చే ఏడు ఎనిమిది మందీ ఎల్వుడ్ కట్టిన బరువు బాణాలే వాడాలి అన్నాడు.

మరుసటి వేసవంతా ఎల్వుడ్ ముప్పై రెండు బాణాలు కట్టాడు, తలా నాలుగు. నావి నాలుగూ నా చేతికి ఇస్తూ, "గజానికి గజం దీనికి కొత్తగా అలవాటు పడాలిరా. విల్లు మీద గురిపుల్లలు మళ్ళీ సర్దుకోవాలి. వారం పడుతుంది. విసుక్కోకు," అన్నాడు.

"సరే పాప్," అన్నాను.

రెండు సాయంత్రాలు వేసి చూశాను. నలభై గజాల్లో జానెడు కిందికి దిగుతోంది. గురిపుల్లలు సర్దాలంటే మొదట్నించీ మళ్ళీ చేసుకురావాలి. నాకు బద్ధకం. అంతకంటే, బోర్డు మీది నా అంకె పోతుందని బాధ. ఎల్వుడ్ బాణాలు నాలుగూ ట్రక్కు సీటు వెనక తోసేసి, వేట మొదటి శనివారం నా పొదిలో నా నారింజ రంగు ఈకల బాణాలే పెట్టుకున్నాను. తెల్లవారకముందే బయల్దేరాను కాబట్టి ఎవరూ చూడలేదు.

ఎనిమిది దాటాక దుప్పి వచ్చింది. మంచి కొమ్ములు. ఇరవై అయిదు గజాలు, కొండ ఎగువ వైపు. నారి లాగాను, గురి కుదిరింది, వదిలాను. అది ఒకడుగు ముందుకేసింది. పలక మీద సుత్తి కొట్టినట్టు చప్పుడు వినిపించింది. బాణం నాలుగు వేళ్ళ లోతు దిగి భుజంలో నిలబడిపోయింది. దుప్పి ఒక్క గెంతు గెంతి పరిగెత్తింది. బాణం వెనక సగం హెమ్లాక్ చెట్టుకి తగిలి విరిగి పడింది. ముందు సగం, ములికితో సహా, దాని ఒంట్లోనే పోయింది.

మంచె మీద కూర్చుని అన్నీ లెక్క వేసుకున్నాను. చెప్పానంటే అందరూ దిగొస్తారు. నారింజ ఈక చూస్తారు. ట్యాగు పొయ్యిలోకి పోతుంది. మొదటి రోజే. చర్చి మెట్ల మీద ఎల్వుడ్ మళ్ళీ ఏమంటాడో కూడా తలుచుకున్నాను. దుప్పి గురించి మాత్రం తలుచుకోలేదు. అన్నిటికంటే సిగ్గు పడేది దీనికే.

గుడిసెకి వెళ్తూ దారిలో ట్రక్కు ఆపాను. ఎల్వుడ్ బాణాల్లోంచి ఒకటి తీసి రోడ్డు కింద కల్వర్టులో పారేశాను. ఆ కల్వర్టు వేసింది మా రోడ్డు గ్యాంగే. ఎక్కడ పారేస్తే దొరకదో నాకు బాగా తెలుసు. మిగిలిన మూడూ పొదిలో పెట్టుకుని గుడిసెలోకి వెళ్ళాను.

"ఏరా, వేశావా?" అన్నాడు స్టష్, పొయ్యి మీద పంది మాంసం తిప్పుతూ.

"వేశాను. తప్పింది."

"తప్పిందా? ఎంత దూరం?"

"ఇరవై అయిదు గజాలు. పొట్ట కింద నుంచి పోయింది." అక్కడితో ఆపొచ్చు. ఆపలేదు. "పాప్ బాణం దుంగలా పడిపోయింది. విల్లు దాటిందో లేదో, నేల చూసుకుంది."

గిబ్ పగలబడి నవ్వాడు. "దుంగ! ఒరే, పాప్ మనకి బాణాలు కట్టివ్వలేదురా, దుంగలు కట్టిచ్చాడు!"

కత్తెర వచ్చింది. నా చొక్కా అంచు కత్తిరించారు. గిబ్ దాని మీద నా పేరు రాసి, కింద ఒక దుంగ బొమ్మ గీశాడు. దూలానికి మేకు కొట్టారు. అందరితోపాటు నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తుంది, నోట్లో చేదుగా. మా కట్టుబాటు ప్రకారం తప్పిన బాణానికి ఎవరూ వెతకరు. ఎవరూ వెతకలేదు.

మర్నాడు ఆదివారం. ఆదివారాలు మా దగ్గర వేట ఉండదు. గిబ్ ఊళ్ళోకి వెళ్ళి ఎవరికో చెప్పాడు, వాళ్ళు చర్చిలో ఎల్వుడ్‌కి చెప్పారు. పదకొండింటికి ఆయన ట్రక్కు గుడిసె ముందు ఆగింది. చర్చి కోటుతోనే వచ్చాడు. నవ్వుతున్నాడేమో అనుకున్నాను, లేదు. మొహం పాలిపోయి ఉంది.

"ఆ బాణం నాకు కావాలి డెల్మార్," అన్నాడు. "చూడాలి. ఇత్తడి ముక్క ఊడిందో, కాడ చీలిందో. నా వల్ల ఏదో పొరపాటు జరిగింది. ఇంకో ముప్పై ఒకటి మీవాళ్ళ దగ్గరున్నాయి. రేపు వాటితో వేస్తే ఎవడో ఒకడు దుప్పిని చిత్రహింస పెడతాడు."

"దొరకదులే పాప్. ఆకుల్లో కూరుకుపోయుంటుంది."

"చోటు చూపించు చాలు. నేను వెతుక్కుంటాను."

తీసుకెళ్ళాను. ఎక్కడ వెతకాలో పైనుంచి చూపించమన్నాడు. మంచె ఎక్కాను. దుప్పి నిలబడింది కొండ ఎగువ. నా చెయ్యి దిగువన వాగు వైపు లేచింది. "అదిగో, ఆ బీచ్ చెట్టు కింద," అన్నాను.

డెబ్భై ఒకటేళ్ళ మనిషి. చర్చి ప్యాంటు మోకాళ్ళ మీద పాకాడు. రెండు చేతులతోనూ ఆకులు తీసి పక్కకి వేస్తూ, తడిమి చూస్తూ, అడుగడుగూ పాకాడు. సన్నగా జల్లు మొదలైంది. టోపీ కూడా తెచ్చుకోలేదు. మధ్యమధ్య తలెత్తి, "ఇక్కడేనా?" అనేవాడు. "కాస్త ఎడమకి పాప్," అనేవాణ్ణి. గంటన్నర అలా నడిచింది. ఆయన నా మాట నమ్మి, తన పనిలో తప్పు వెతుక్కుంటున్నాడు. నేను మంచె మీద పొడిగా కూర్చుని, లేని బాణం కోసం ఆయన్ని ఎడమకీ కుడికీ పాకిస్తున్నాను. దిగాలనుకున్నాను. కాళ్ళు కదల్లేదు అంటే అబద్ధం. కదల్చలేదు.

చివరికి ఆయన లేచి నడుం పట్టుకుని నిలబడ్డాడు. వాగు వైపు చూశాడు. తర్వాత, ఏం తోచిందో, నా మంచె చుట్టూ పెద్ద చుట్టు తిరగడం మొదలుపెట్టాడు. వేటలో ఏమీ దొరకనప్పుడు ఆయన పద్ధతి అది. కొండ ఎగువకి వెళ్ళాడు. హెమ్లాక్ చెట్టు దగ్గర ఆగాడు. వంగాడు. చాలాసేపు లేవలేదు.

లేచేసరికి చేతిలో నారింజ ఈకల సగం బాణం ఉంది. దాని విరిగిన కొస చూశాడు. బొటనవేలితో కాడ తడిమాడు. బరువు చూస్తున్నాడని నాకు తెలుసు, ఆయనకి త్రాసు అక్కర్లేదు. కింద ఆకుల మీద నెత్తురు చూశాడు. మెల్లగా నా మంచె కిందికి వచ్చి పైకి చూశాడు. నేను ఆయన మొహం కేసి చూడలేకపోయాను, బూట్లు చూశాను.

"వెళ్ళి భోంచెయ్యి డెల్మార్," అన్నాడు.

అంతే. బాణం ముక్క కోటు లోపల పెట్టుకుని నెత్తుటి జాడ వెంట పైకి వెళ్ళిపోయాడు. ఒక్కడే. అప్పుడైనా దిగి వెనక వెళ్ళి ఉండాల్సింది. నేను గుడిసెకి వెళ్ళి, క్యాబేజీ వేసి చేసిన నూడుల్సు తిన్నాను. మారు కూడా వేసుకున్నాను.

చీకటి పడేదాకా ఆయన వెతికాడని తర్వాత తెలిసింది. సోమవారం తెల్లవారగానే మళ్ళీ వెళ్ళాడు. పదింటికి ట్రక్కు వెనక దుప్పితో గుడిసె ముందుకొచ్చాడు. దాని చెవికి ఆయన ట్యాగు కట్టి ఉంది. ఆయన ఏడాది వేట అక్కడితో అయిపోయింది.

గిబ్ పరిగెత్తుకుంటూ వెళ్ళాడు. "అబ్బో పాప్! నీ దుంగ ఇవాళ తిన్నగా ఎగిరిందే!"

"ఎగిరింది," అన్నాడు ఎల్వుడ్.

స్టష్ దుప్పి చుట్టూ తిరిగి చూశాడు. "ఎడమ భుజం ఏమైంది?"

"చెడిపోయింది. కోసి పారేశాను."

"అదేం, నువ్వు వేసింది అక్కడ కాదుగా?"

"పాత దెబ్బ," అన్నాడు. నా వైపు చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు.

అందరూ లోపలికి పోయాక ట్రక్కు దగ్గరికి వెళ్ళాను. "పాప్..." అన్నాను.

"లారెల్ పొదల్లో పడుకుని ఉంది," అన్నాడాయన తాళ్ళు బిగిస్తూ. "నన్ను చూసి లేవబోయింది. లేవలేకపోయింది. అప్పటికింకా బతికే ఉందిరా." ట్రక్కెక్కి వెళ్ళిపోయాడు.

ఆయన ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నేను చెప్తానని ఆయన ఎదురుచూశాడని ఇప్పుడనిపిస్తుంది.

దుంగ అన్న మాట మాత్రం గుడిసె దాటి ఊళ్ళో పడింది. అదే వారం గిబ్‌కి ఒక దుప్పి తప్పింది. గురి కుదరకుండానే వదిలేశాడు, నేను కళ్ళారా చూశాను. "దుంగ!" అన్నాడు, అందరూ ఒప్పుకున్నారు. నవంబర్లో స్టష్‌కి తప్పింది. "నాన్న మీద ఒట్టు, గురి కుదిరింది. బాణమే పడిపోయింది," అన్నాడు. క్రిస్మస్ నాటికి మా లోయలో తప్పిన ప్రతి బాణమూ ఎల్వుడ్‌దే అయిపోయింది, ఆయన కట్టనివి కూడా. స్టష్ మిగిలిన బాణాలన్నీ మూటగట్టి, చాలా మర్యాదగా, ఆయనకి వెనక్కిచ్చేశాడు. ఆయన తీసుకుని, "సరే స్టష్," అన్నాడట.

శనివారం గరాజుకి ఎవరూ వెళ్ళడం లేదు. అయినా ఆయన తలుపు తెరిచి కూర్చునేవాడు. నాకెలా తెలుసంటే, ఆ చలికాలం ఆయన వీధిలో మంచు తోసే బండి నాదే. ప్రతిసారీ గరాజు లోపల్నుంచి చెయ్యెత్తేవాడు. నేను అద్దంలోంచి తిన్నగా ముందుకే చూసేవాణ్ణి. దారిలో మంచు పెరిగిపోయినట్టు, పని ఒత్తిడి ఉన్నట్టు మొహం పెట్టేవాణ్ణి.

ఆగస్టులో ఫైర్‌హాల్‌లో మొక్కజొన్న విందు జరిగింది. వెర్డెల్లా వడ్డిస్తోంది. నా పళ్ళెంలో కండె వేస్తూ ఆగింది. చిన్న మనిషి, కళ్ళు మాత్రం చురుకు.

"నీ బాణాల ఈకలు ఏం రంగురా డెల్మార్?"

"నారింజ రంగు పిన్నీ."

"అనుకున్నాను. మా ఆయన చర్చి కోటు ఉతకడానికి తీస్తే జేబులో ఊడిపోయిన ఈక ఒకటి దొరికింది. అడిగితే చెప్పడు. నేను మళ్ళీ అడగలేదు." ఇంకో కండె వేసింది. "తిను. నువ్వు బాగా తింటావుగా."

ఆ కండె ముట్టకుండా పళ్ళెం పక్కన పెట్టేశాను. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, అక్టోబర్లో అందరి ముందూ చెప్పేస్తానని. ఆయన ఒక్కడికి చెప్పి లాభం లేదు, ఆయనకి తెలుసు. పోయిన పేరు అందరి దగ్గరా పోయింది, అందరి దగ్గరే తిరిగి రావాలి.

వేట మొదలయ్యే ముందురోజు మధ్యాహ్నం గుడిసెలో అందరం కలిసి భోంచెయ్యడం ఆనవాయితీ. ఆ ఏడు స్టష్ ఎల్వుడ్‌ని కూడా పిలిచాడు. "పాపం ముసలాయన, ఒక్కడే బిక్కుబిక్కుమంటూ కూర్చుంటున్నాడు," అన్నాడు. ఆయన వచ్చాడు. బల్ల చివర కూర్చున్నాడు. బీట్‌రూట్ రసంలో ఊరేసిన గుడ్లు, పంది మాంసం, బంగాళాదుంపలు వడ్డించారు. అందరూ ఆయనతో గట్టిగా, మెల్లగా, ఒక్కొక్క మాటే మాట్లాడుతున్నారు. ఆయనకి చెవులు బాగానే వినిపిస్తాయి.

నేను లేచి నిలబడ్డాను.

"మీకో మాట చెప్పాలి. పోయినేడు నేను వేసింది పాప్ బాణం కాదు. నా తేలిక బాణం. తప్పలేదు, భుజంలో దిగి విరిగింది. ట్యాగు పోతుందని అబద్ధం చెప్పాను. పాప్ తెచ్చిన దుప్పి నేను గాయపరిచిందే. ఆయన బాణం ఒకటి తీసి కల్వర్టులో పారేశాను. ఆయన బాణాల్లో ఏ తప్పూ లేదు."

ఇప్పుడు తిడతారు, స్టష్ తలుపు చూపిస్తాడు అనుకున్నాను. దానికే వచ్చాను. నిజం చెప్పాలంటే మనసు తేలికపడింది కూడా.

గిబ్ ఫోర్కు కింద పెట్టాడు. "చూశారా," అన్నాడు, గొంతు బొంగురుపోయి. "మనిషంటే వీడురా. ముసలాయన పరువు నిలబెట్టడానికి అంతా తన నెత్తిన వేసుకుంటున్నాడు."

"కాదు గిబ్. నిజంగానే..."

"అర్థమైందిలేరా. కూర్చో."

"నిజం చెప్తున్నాను!"

"అలాగైతే నవంబర్లో నాకు తప్పిన బాణం సంగతేంటి?" అన్నాడు స్టష్ నవ్వుతూ. "అది కూడా నీదేనా? గిబ్‌దో? ఊళ్ళో అందరివీ నీవేనా?"

బల్లంతా నవ్వింది. ప్రేమగా నవ్వారు. అప్పుడర్థమైంది నాకు. నా మాట నిజమైతే, వాళ్ళకి తప్పినవన్నీ వాళ్ళ చేతులతో తప్పినవే. ఆ ఏడాదంతా ఎనిమిది మందీ తమ తమ తప్పులు తీసుకెళ్ళి ఆయన బాణాలకి తగిలించారు. ఇప్పుడు వెనక్కి తీసుకోవడానికి ఒక్కడూ సిద్ధంగా లేడు. ఎలా తగిలించాలో దారి చూపించినవాణ్ణి నేనే.

"పాప్, నువ్వు చెప్పు," అన్నాను. దాదాపు బతిమాలాను. "ఆ ముక్క నీ దగ్గరుంది. చూపించు."

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన నములుతున్నది మింగి, నీళ్ళు తాగాడు.

"ముక్క లేదురా. ఆ రోజే మరుగుదొడ్డి గోతిలో వేసేశాను. ఎవడి కంటైనా పడితే నీ ట్యాగు పోతుందని." తర్వాత స్టష్ కేసి చూసి, తన మామూలు గొంతుతో, "వాడు చెప్పింది నిజం," అన్నాడు.

"అవును పాప్, నిజమే, నిజమే," అన్నాడు గిబ్, ఆయన భుజం తడుతూ. మిగతావాళ్ళు తలలూపారు. స్టష్ ఆపిల్ పండ్లు పెట్టి కాల్చిన తీపి రొట్టెలో పెద్ద ముక్క కోసి, ఆయన అడక్కుండానే ఆయన పళ్ళెంలో పెట్టాడు.

డెబ్భై రెండేళ్ళు వచ్చేదాకా ఆ మనిషి అబద్ధమాడడం ఎవరూ ఎరగరు. ఆ గదిలో ఆయన చెప్పిన నిజాన్ని చంటివాడి మాటలా ఊ కొట్టి పక్కన పెట్టేశారు. ఆయన చుట్టూ చూశాడు, ఒక్కొక్కరి మొహమూ చూశాడు. ఆయన కళ్ళలో కోపం లేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టుంది. తర్వాత తలొంచుకుని ఆ రొట్టె ముక్క పూర్తిగా తిన్నాడు.

ట్రక్కు దాకా నేనే వెళ్ళాను. తలుపు తీసి పట్టుకున్నాను.

"పోయినేడే చెప్పుంటే నమ్మేవాళ్ళురా," అన్నాడు.

"నన్ను తిట్టు పాప్."

"ఎందుకూ? నీకు బాగుంటుందనా?" అని బండి తీశాడు.

ఆ తర్వాత గరాజు తలుపు తెరవలేదు. త్రాసు ఎవరికిచ్చాడో తెలీదు. గుడిసెలోకి తిరిగి వెళ్ళేసరికి గిబ్ నా గ్లాసు నింపి ఉంచాడు. నా మంచి మనసు గురించి అందరూ తలో మాటా అన్నారు. నేను ఎంత కాదంటే అంత గౌరవం పెరిగింది, చివరికి కాదనడం మానేశాను. పొయ్యి పక్కన వెచ్చటి మంచం ఒకటుండేది. అది స్టష్ వాళ్ళ నాన్నది, ఆయన పోయాక ఎవరికీ ఇవ్వలేదు. ఆ ఏడు స్టష్ నా దుప్పట్లు తనే మోసుకెళ్ళి దాని మీద పరిచాడు. నేను ఆ వారమంతా అందులోనే పడుకున్నాను.